లొడలొడకు ఒక గడి

బండి చేసే చప్పుళ్ళకు మన భాషలో పేర్ల కొదవ లేదు. మర వదులైతే లొడలొడ, చమురు ఎండిపోతే కిర్రుకిర్రు, ఇనుము ఇనుమును రాసుకుంటే గరగర, బెల్టు జారితే కీచుకీచు, ఏదో విరగబోతోందంటే కటకట. ఎద్దులబండ్ల కాలంలోనే ఈ పేర్లన్నీ స్థిరపడిపోయాయి. కడసీల వదులైందో, ఇరుసుకు కందెన కావాలో, చక్రం ఇనపకట్టు జారుతోందో, బండివాడు నోటితో చేసి చూపిన చప్పుడును బట్టే వడ్రంగి పోల్చుకునేవాడు. చప్పుడుకు సరైన పేరు పెడితే సగం మరమ్మతు అయిపోయినట్టే.

ఇప్పుడు కారును సర్వీసుకు తీసుకువెళితే జాబ్ కార్డు అని ఒక కాగితం రాస్తారు. ఈ పేర్లన్నిటికీ కలిపి అందులో దొరికేది ఒక్కటే మాట, 'నాయిస్'. అదైనా అదృష్టం బాగుంటేనే. లేకపోతే 'జనరల్ చెకప్' అని రాసి, కింద మనచేత సంతకం పెట్టించుకుంటారు. చూడడానికి చిన్న సంగతే. కానీ వారంటీ గొడవల్లో చాలామంది ఓడిపోయేది ఇంజను దగ్గర కాదు, ఈ కాగితం దగ్గర. ఆ సంగతి నాలుగు మాటల్లో చెప్పాలనే ఈ ప్రయత్నం.

నేను బీకాం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు దాటింది. మాది హోసూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మార్కెట్లో కన్నడం, ఆఫీసు కాగితాల్లో ఇంగ్లీషు. సరిహద్దు ఊళ్ళలో బతికే మనవాళ్ళకు ఈ నాలుగు పడవల ప్రయాణం కొత్తేమీ కాదు. బ్యాంకు ఉద్యోగం నాకు నేర్పిన పాఠం ఒకటుంది. నోటితో చెప్పింది గాలికి పోతుంది, కాగితం మీద పడిందే నిలుస్తుంది. అప్పు తీర్చానని ఎంత ఒట్టు పెట్టుకున్నా రసీదు లేకపోతే తీర్చనట్టే.

2021 ఫిబ్రవరిలో ఒక చిన్న కారు కొన్నాను. వారంటీ రెండేళ్ళు లేదా 40,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఏడు నెలలు తిరిగేసరికి దేన్కనికోట దారిలో గతుకుల మీద స్టీరింగు కింద లొడలొడ మొదలైంది. నున్నటి హైవే మీద వినపడదు. నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు మాత్రం చేతికి కూడా తెలుస్తుంది. రెండో ఉచిత సర్వీసులో ఈ సంగతి చెప్పాను. సర్వీస్ అడ్వైజర్ మర్యాదస్తుడైన తమిళ కుర్రాడు. శ్రద్ధగానే విన్నాడు, తల ఊపాడు, కంప్యూటర్లో ఏదో కొట్టాడు. సాయంత్రం బండి ఇస్తూ, "రోడ్ టెస్ట్ చేశాం సార్, అంతా నార్మల్" అన్నాడు. ఇంటికి వచ్చి కాగితం చూస్తే కస్టమర్ ఫిర్యాదు అన్నచోట 'జనరల్ చెకప్' అని ఉంది.

ఆ కుర్రాడి మీద నాకు కోపం రాలేదు. తమిళంలో మాత్రం చప్పుళ్ళకు పేర్లు తక్కువా? వాళ్ళ అమ్మ ఇంట్లో మిక్సీ చేసే శబ్దానికి అతనూ ఒక చక్కని మాట వాడే ఉంటాడు. ఆ మాట కూడా ఆ కంప్యూటర్ గడిలో పట్టదు. అయితే రాయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వారంటీ ఇచ్చేది కారు తయారుచేసిన కంపెనీ, పని చేసిపెట్టేది డీలరు. మార్చిన ప్రతి భాగానికీ డీలరు కంపెనీకి క్లెయిమ్ పంపాలి. కంపెనీ ఒప్పుకోకపోతే ఆ ఖర్చు డీలరు నెత్తిన పడుతుంది. ఫిర్యాదంటూ రాస్తే దానికి జవాబు చెప్పాలి. రాయకపోతే ఎవరూ అడగరు. మా బ్యాంకులో కూడా కొందరు కౌంటర్ దగ్గర ఫిర్యాదును నోటితోనే తీర్చి పంపేస్తారు, రిజిస్టరు శుభ్రంగా ఉంటుందని. కనుక ఆ తెలివి నాకు తెలియనిది కాదు.

2022 జులైలో మళ్ళీ వెళ్ళినప్పుడు సంతకం పెట్టే ముందు కలం తీసి, ఫిర్యాదు గడి పక్కన ఖాళీలో ఇంగ్లీషులో రెండు వరుసలు రాశాను. ఏ వేగంలో, ఏ దారిలో, ఎటు తిప్పితే చప్పుడు వస్తుందో రాసి, కిలోమీటర్ల అంకె వేసి, అప్పుడు సంతకం పెట్టాను. ఆ కుర్రాడు, "అవసరం లేదు సార్, నేను ఎంటర్ చేస్తాను" అన్నాడు. "నువ్వు ఎంటర్ చెయ్యి నాయనా, నేను రాస్తాను" అన్నాను. 2023 జనవరిలోనూ అదే పని చేశాను. రెండుసార్లూ జవాబు ఒకటే, నార్మల్.

మార్చిలో, అంటే వారంటీ గడువు దాటిన నెలకు, అదే వర్క్‌షాపువాళ్ళు స్టీరింగ్ అసెంబ్లీ మొత్తం మార్చాలని తేల్చారు. ఖర్చు 38,000 రూపాయలు. మొన్న జనవరి దాకా నార్మల్ అయినది రెండు నెలల్లో ఎలా పాడైందని అడిగితే, "అరుగుదల సార్" అన్నారు. అరుగుదల అంటే నాకు తెలుసు. లెక్కల్లో మేము దాన్ని తరుగు అంటాం. ఆదాయపు పన్ను లెక్కలో కారుకు ఏడాదికి 15 శాతం రాసుకుంటాం. బ్రేకు ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, ఫిల్టర్లు, క్లచ్ ప్లేటు వాడకంలో అరిగిపోయే వస్తువులని వారంటీ పుస్తకాలు ముందే పక్కన పెడతాయి. ఆ పుస్తకంలోని జాబితా వేలు పెట్టి చదివాను. స్టీరింగ్ అసెంబ్లీ అందులో లేదు.

రెండు జాబ్ కార్డుల నకళ్ళు జతచేసి డీలరుకు ఒకటి, కంపెనీకి ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు రాశాను. లోపం బయటపడింది వారంటీ నడుస్తున్నప్పుడు, అప్పుడే రాతపూర్వకంగా తెలియజేశాను, మీరు సకాలంలో బాగుచేయకపోవడం నా గడువును తినేయలేదు అన్నదే వాటి సారాంశం. ఐదు వారాలకు పిలుపు వచ్చింది. భాగం ఉచితంగా మారుస్తారట. సంతకం కోసం ఇచ్చిన కాగితంలో 'గుడ్‌విల్' అని ఉంది. కామర్సు చదివినవాడికి ఆ మాట బ్యాలెన్స్ షీటులో కనిపించే ఆస్తి పేరు. ఇక్కడ దాని అర్థం వేరు. మీకు హక్కు లేదు, అయినా మేము దయతలచి ఇస్తున్నాము అని. ఆ మాట కొట్టేసి వారంటీ అని రాయమన్నాను. దానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆటోలో తిరిగాను. దయగా పుచ్చుకుంటే రేపు అదే భాగం మళ్ళీ పాడైనప్పుడు దయకు గ్యారంటీ ఏముంటుంది?

ఇంతవరకూ నా సంగతి. ఇంగ్లీషు రాగలిగినవాడు, ఉత్తరం ఎక్కడికి రాయాలో తెలిసినవాడు, వారం రోజులు బండి లేకపోయినా ఇల్లు గడిచేవాడు ఎలాగో నెట్టుకొస్తాడు. అలా కుదరని మనిషి ఒకాయన 2024లో నా బల్ల ముందు కూర్చున్నాడు.

తళి వైపు పల్లెలో గులాబీలు పండించే తెలుగు రైతు. అరవైకి దగ్గర పడ్డవాడు. మా బ్రాంచిలోనే అప్పు తీసుకుని 2022లో ఒక చిన్న పికప్ బండి కొన్నాడు. తెల్లవారుజామున తనే నడుపుకుంటూ పూలు మార్కెట్‌కు చేరుస్తాడు. హోసూరు గులాబీకి ఫిబ్రవరి 14కు ముందు రెండు మూడు వారాలే పండగ. ఏడాది అప్పులు తీరేది ఆ రోజుల్లోనే. సరిగ్గా ఆ జనవరి చివర బండి దారిలో పొగలు కక్కి ఆగిపోయింది. ఇంజను వేడెక్కి సిలిండర్ హెడ్ దెబ్బతిన్నదన్నారు. వారంటీ మూడేళ్ళు, లక్ష కిలోమీటర్లు. రెండూ దాటలేదు. అయినా డీలరు ఒప్పుకోలేదు. కూలెంట్ తగ్గిపోయినా చూసుకోకుండా నడిపాడు, అది కస్టమర్ అజాగ్రత్త, వారంటీకి రాదు అన్నాడు. లక్షకు పైగా ఎస్టిమేటు ఇచ్చి బండిని ఒక మూల నిలబెట్టారు.

ఆయన నా దగ్గరకు వచ్చింది ఆ గొడవ చెప్పుకోవడానికి కాదు. రెండు నెలలుగా డ్యూ కట్టలేదని మేము పంపిన నోటీసు చేతిలో పట్టుకుని వచ్చాడు. తొంభై రోజులు దాటితే అప్పు మొండిబాకీల ఖాతాలో చేరుతుంది. ఆ తర్వాత ఆయనకు పంట అప్పు పుట్టడం కూడా కష్టమే. బండి వర్క్‌షాపులో పడుకున్నా వడ్డీ పడుకోదు. ఆ నోటీసు మీద సంతకం నాదే.

"మీరు బండి వేడెక్కుతోందని ముందే చెప్పలేదా అన్నా?" అని అడిగాను.

"రెండుసార్లు చెప్తిని సార్. గడ్డ ఎక్కేటప్పుడు కాగతా ఉండాది, బుసబుసమంటాది అని చెప్తిని. ఏదో పోసి పంపిస్తిరి. ఇప్పుడు నువ్వు చెప్పనేలేదు అంటారు. కాగితం చూపిస్తారు. దాంట్లో నా సైను ఉండాది."

కాగితం తెప్పించి చూశాను. రెండు జాబ్ కార్డుల్లోనూ 'జనరల్ చెకప్'. కింద గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఆయన సంతకం. చిన్నప్పుడు తెలుగు బడిలో దిద్దిన చేతిరాత. పైన ఉన్న ఇంగ్లీషులో ఒక్క ముక్క ఆయనకు తెలియదు. కానీ చట్టం కంటికి ఆ మాటలన్నీ ఆయనవే.

ఇక్కడ బ్యాంకు ఆచారం ఒకటి చెప్పాలి. ఇంగ్లీషు పత్రం మీద ఎవరైనా తెలుగులోనో తమిళంలోనో సంతకం పెడితే మేము అంతటితో వదలం. ఇందులోని విషయాలు నాకు తెలిసిన భాషలో చదివి వివరించారు, అర్థం చేసుకుని సంతకం చేశాను అని ఇంకో వాంగ్మూలం తీసుకుంటాం. కస్టమరు మీద ప్రేమతో కాదు, రేపు కోర్టులో 'నాకు అర్థం కాలేదు' అంటే మా అప్పు మునిగిపోతుందనే భయంతో. కారణం ఏదైతేనేం, ఒక మనిషికి తన సంతకం కింద ఏముందో తెలిసి తీరాలన్న సంగతిని ఆ కాగితం ఒప్పుకుంటుంది. అప్పు ఇచ్చిన రోజు ఈ రైతు చేత ఆ వాంగ్మూలం రాయించుకున్నాం. ఆ అప్పుతో కొన్న బండిని బాగుచేసే చోట మాత్రం ఆయనకు ఏమీ చదివి వినిపించేవారు లేరు.

జాబ్ కార్డు మూగదైపోయింది కనుక బిల్లులు అడిగాను. బ్యాంకు ఆడిటులో ఒక సూత్రం ఉంది, లెడ్జరు కప్పిపుచ్చినా ఓచరు చెప్పేస్తుంది. ఆయన ఇంట్లో దేవుడి పటం వెనక దాచిన బిల్లులన్నీ తెచ్చాడు. రెండు సర్వీసుల మధ్య నాలుగు నెలలు, ఐదు వేల కిలోమీటర్లు. రెండు బిల్లుల్లోనూ ఒక్కో లీటరు కూలెంట్ పోసినట్టు డబ్బు వసూలు చేశారు. కూలెంట్ పెట్రోలులా ఖర్చయిపోయే వస్తువు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది, అంత తొందరగా తగ్గదు. నాలుగు నెలల్లో రెండుసార్లు లీటరు చొప్పున పట్టిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. పోసినవాడికి ఆ సంగతి తెలియాలి. 'జనరల్ చెకప్' అని రాసిన చేతులే ఆ బిల్లూ రాశాయి.

వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019 చట్టం 2020 జులై 20 నుంచి అమలైంది. వస్తువు కొన్న ఊళ్ళోనే కేసు వేయాలనే నిర్బంధం ఇప్పుడు లేదు. మనం కాపురం ఉన్నచోటో, పనిచేసే చోటో ఉన్న జిల్లా కమిషన్లో వేయవచ్చు. హోసూరువాళ్ళకు అది కృష్ణగిరి. 50 లక్షల లోపు చెల్లించి కొన్న వస్తువులకు జిల్లా కమిషనే చాలు. ఐదు లక్షల లోపు వాటికి రుసుము లేదు, ఐదు నుంచి పది లక్షల దాకా 200 రూపాయలు. గొడవ పుట్టిన రెండేళ్ళ లోపల వేయాలి. వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు.

అవతలివాళ్ళ మొదటి అభ్యంతరం నేను ఊహించినదే. ఇది సరుకు రవాణా బండి, వ్యాపారం కోసం కొన్నది, కనుక ఈయన వినియోగదారుడే కాడు అన్నారు. నిజమే, వ్యాపారానికి కొన్న వస్తువులకు ఈ చట్టం వర్తించదు. కానీ పొట్టకూటి కోసం, స్వయంఉపాధి కోసం కొన్నదైతే వర్తిస్తుందని చట్టంలోనే వివరణ ఉంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. తన బండి తనే నడుపుకునే మనిషి ఆ వివరణలోకి వస్తాడు. అర్జీలో ఆ మాట మొదటి పేరాలోనే పెట్టాం.

ఆశలకు హద్దు ఎక్కడో కూడా ఆయనకు ముందే చెప్పాను. కొత్త బండి ఇప్పించమని అడుగుదామన్నాడు. వారంటీ పాడైన భాగాన్ని మార్చి ఇచ్చేవరకే అయినప్పుడు మొత్తం బండి మార్చమనడం కుదరదని 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. డీలరు చేసిన తప్పు కంపెనీకి తెలుసునని రుజువు కాకపోతే దాన్ని కంపెనీ మీద రుద్దలేమని 2021లో ఇంకో కేసులో చెప్పింది. అందుకని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, ఎవరు చేయవలసింది వాళ్ళను విడివిడిగా అడిగాం.

కేసు తీర్పు దాకా వెళ్ళలేదు. కొత్త చట్టంలో మధ్యవర్తిత్వానికి వీలుంది. సెప్టెంబరులో కూర్చోబెట్టారు. కూలెంట్ బిల్లులు బల్ల మీద పెట్టాక డీలరు తరపువాళ్ళు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి భాగాల ఖర్చు వాళ్ళు పెట్టుకునేట్టు, కూలి సగం ఈయన కట్టేట్టు ఒప్పందమైంది. ఎనిమిది నెలలు నిలబడిన బండికి, అద్దె బండ్లకు పెట్టిన డబ్బుకు, చేజారిన ఫిబ్రవరికి పైసా రాలేదు. "చాలు సార్, బండి వస్తే అంతే చాలు" అని సంతకం పెట్టాడు. ఈసారి ముందు నేను తెలుగులో చదివి వినిపించాను. అప్పు సంగతి అడుగుతారేమో. బావమరిది దగ్గర చేబదులు తెచ్చి మొండిబాకీ కాకముందే రెండు డ్యూలు కట్టాడు. ఆ చేబదులు ఇంకా తీరలేదని విన్నాను.

ఇది గెలుపో ఓటమో నేను చెప్పలేను. కానీ బుసబుస అన్న మాట మొదటి కార్డు మీదే పడి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదని మాత్రం చెప్పగలను.

అందుకే మన పాఠకులకు నా మనవి. బళ్ళారిలో గానీ, బరంపురంలో గానీ, యానాంలో గానీ, బండిని సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఫిర్యాదును మీ చేత్తో మీరే రాయండి. ఇంగ్లీషు వస్తే ఇంగ్లీషులో, రాకపోతే తెలుగులోనే. తేదీ, కిలోమీటర్లు వేయండి, ఫోనుతో ఫోటో తీసుకోండి. తెలుగు అర్థం కాదంటే తర్వాత అనువాదం జతచేయవచ్చు. లేని మాటకు ఎవరూ అనువాదం చేయలేరు. బిల్లులు పారేయకండి. బయటి మెకానిక్ చెయ్యి పడితే వారంటీ మొత్తం పోతుందని బెదిరిస్తే, అలాంటి గంపగుత్త షరతు పెట్టరాదని పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో చెప్పిందని గుర్తుచేయండి. ఆ ఉత్తర్వు మీద అప్పీళ్ళు నడిచాయి గానీ, అడగడానికి ఆ సంగతి తెలిసి ఉండడం మంచిది. ఎటూ తోచకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అది పలికే 17 భాషల్లో తెలుగు ఒకటి.

ఆ రైతు కొడుకు తమిళ మీడియంలో చదివాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, రాయడం రాదు. బండి ఇప్పుడు అతనే నడుపుతున్నాడు. మొన్న సర్వీసుకు వెళ్ళినప్పుడు తండ్రి పక్కన నిలబడి చెబుతుంటే, అతను తమిళ అక్షరాల్లో ఆ తెలుగు మాటలే రాసి, కింద తండ్రి చేత సంతకం పెట్టించాడట. ఆ కార్డు ఫోటో నాకు చూపించాడు. అడ్వైజరు దాన్ని పైకి చదివి, నవ్వి, గేర్‌బాక్స్ విప్పి చూశాడట.